వేళ్ళ మీద కన్నేసి ఉంచండి

అరుగు మీంచో, మంచం మీంచో, జామచెట్టు కొమ్మ మీంచో పిల్లవాడు పడ్డాడు. ఏడుపు విని మీరు పరిగెత్తుకొచ్చేసరికి ఒక చేత్తో ఇంకో చేతిని పట్టుకుని కూర్చుని ఉన్నాడు. మోచేతికి కాస్త పైన ఎప్పుడూ లేని వంకర. చూస్తుండగానే వాపు పొంగుతోంది. ఆ క్షణాన ఏ అమ్మకైనా, ఏ నాన్నకైనా చూపు ఆ వంకర దగ్గరే ఆగిపోతుంది. ఏళ్ళ తరబడి పిల్లల ఎముకలు సరిచేస్తూ, కట్లు కడుతూ వచ్చినవాడిగా నేను మిమ్మల్ని కోరేది ఒక్కటే. ఆ చూపును కాస్త కిందికి, వేళ్ళ దాకా తీసుకెళ్ళండి. మోచేతి సంగతి చూడడానికి మేమున్నాం. వేళ్ళ సంగతి మాత్రం ఆసుపత్రికి వచ్చేదాకా, ఆపరేషనైన రాత్రంతా, ఇంటికెళ్ళాక కూడా మీరే చూడాలి.

ముందు చెయ్యవలసినవి కొన్ని ఉన్నాయి. చేతికి గాజులుంటే, కడియముంటే, ఉంగరముంటే తీసెయ్యండి. మణికట్టుకు కట్టిన తాయెత్తు దారమైనా సరే, కత్తిరించెయ్యండి. గంట తిరిగేసరికి వాపు కిందికి దిగి అవే ఉరితాళ్ళవుతాయి. చెయ్యి ఏ తీరున ఉందో ఆ తీరునే ఉంచండి. లాగొద్దు, తిన్నగా చెయ్యాలని చూడొద్దు, గట్టిగా మడిచి మెడకు కట్టొద్దు. నాలుగు మడతలు వేసిన వార్తాపత్రికను చేతి కింద ఆనించి, చున్నీతోనో తువ్వాలుతోనో వదులుగా చుడితే దారిలో కుదుపులకు అది చాలు. ఎముక చర్మాన్ని చీల్చుకుని బయటికొచ్చి ఉంటే శుభ్రమైన గుడ్డ కప్పి అలాగే తీసుకురండి. పసుపు, కాఫీపొడి ఏవీ అద్దకండి.

ఇంకొకటి. ఏడుపు మాన్పించడానికని బిస్కెట్టో పాలో పెట్టకండి. మత్తు ఇవ్వాలంటే కడుపు ఖాళీగా ఉండాలి. మామూలు తిండి తిని ఆరు గంటలు, తల్లిపాలు తాగి నాలుగు గంటలు, మంచినీళ్ళు తాగి రెండు గంటలు గడవాలని మత్తు డాక్టర్లు చూస్తారు. బిడ్డ చివరిసారి ఎప్పుడు, ఏం తిన్నాడో గుర్తుపెట్టుకుని ఉన్నదున్నట్టు చెప్పండి. నాయనమ్మ మనసాగక చాటుగా అరటిపండు పెట్టి ఉంటే అదీ చెప్పెయ్యండి. మేం కోప్పడం. చెప్పకపోతేనే ప్రమాదం. మత్తులో వాంతి అయితే అది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు.

మేం విరిగింది అంటాం సరే, ఎక్కడ విరిగిందన్నది మీకూ తెలియాలి. భుజం నుంచి దిగే పెద్ద ఎముక మోచేతి దగ్గరికొచ్చేసరికి వెడల్పై, మధ్యలో ముందొక గుంట, వెనకొక గుంట ఏర్పడి, ఆ రెండింటి నడుమ అప్పడమంత పలచబడుతుంది. అయిదు నుంచి ఏడేళ్ళ వయసులో కీళ్ళకు వదులెక్కువ. పడుతూ అరచెయ్యి నేలకు ఆనిస్తే మోచెయ్యి వెనక్కి విరుచుకుంటుంది, ముంజేతి ఎముక కొన ఆ పలచని చోటును గునపంలా పొడుస్తుంది. అక్కడే విరుగుతుంది. పిల్లల మోచేతి విరుపుల్లో సగానికి పైగా ఇవే. ఎక్కువమందికి ఎడమ చేతికే అవుతుంది. ఇది బిడ్డ ఎముకలు బలహీనమై జరిగింది కాదు. ఆ వయసు ఎముక కట్టుబడే అంత. మీరు కన్ను మరల్చినందుకు జరిగిందీ కాదు. అత్తగారు కోడలిని, కోడలు భర్తను, భర్త సైకిలు కొనిచ్చిన బావమరిదిని తప్పుపట్టుకునే మాటలు వార్డులో చాలాసార్లు నా చెవిన పడ్డాయి. ఆ మాటలన్నీ మంచం మీదున్న బిడ్డ కూడా వింటోంది. తనవల్లే ఇంట్లో గొడవైందని ఆరేళ్ళ పిల్లకు అనిపిస్తే, ఆ నొప్పికి మా దగ్గర మందులేదు.

1959లో గార్ట్‌లాండ్ అనే అమెరికా డాక్టరు ఈ విరుపును మూడు రకాలుగా విడదీశాడు. ఇప్పటికీ మేం ఆ లెక్కే వాడతాం. ఒకటో రకంలో బీటు ఉంటుంది గానీ ఎముక జరగదు. మూడువారాల కట్టు చాలు. రెండో రకంలో ముందు వైపు నోరు తెరుచుకుని, వెనక పొర మాత్రం తలుపు బందులా పట్టుకుని ఉంటుంది. మూడో రకంలో ఆ బందు కూడా తెగి రెండు ముక్కలూ విడిపోతాయి. ఎముక తప్పిందని మేం చెప్పేది ఈ చివరి రెండింటి గురించి. మూడో రకానికి, రెండో రకంలో చాలావాటికి ఆపరేషను అవసరమవుతుంది.

ఇక్కడే చాలా ఇళ్ళల్లో చర్చ మొదలవుతుంది. “చిన్నపిల్లాడికి ఆపరేషనెందుకండీ, కట్టు కట్టిస్తే అదే అతుక్కుంటుంది కదా” అని తాతగారంటారు. పక్కింటివాళ్ళు పుత్తూరు పేరెత్తుతారు. పుత్తూరు కట్టుకు దక్షిణాది అంతటా పేరుంది. ఇప్పుడు పట్నాల్లో కూడా ఆ పేరుతో బోర్డులు కనిపిస్తాయి. ఆ నమ్మకాన్ని నేను తీసిపారెయ్యను. అది ఎలా పుట్టిందో కూడా నాకు కొంత తెలుసు. రెండుమూడేళ్ళ పిల్లను చెయ్యి పట్టి ఎత్తితేనో, గుంజితేనో మోచేతిలో చిన్న ఎముక తన పట్టీలోంచి కాస్త జారుతుంది. పిల్ల చెయ్యి కదపదు. తెలిసినవాళ్ళు ఒక్క మెలిక తిప్పితే టక్కున సర్దుకుని అయిదు నిమిషాల్లో చాక్లెట్ అందుకుంటుంది. అందులో విరిగిందేమీ లేదు. ఊళ్ళో అది చూసినవాళ్ళు మోచెయ్యి బాధ ఏదైనా అంతేననుకుంటారు. పైకి ఈ జారడమూ, విరగడమూ ఒకేలా కనిపించవచ్చు. పడ్డ పిల్లకు మోచెయ్యి వాచిందంటే మాత్రం ముందు ఎక్స్‌రే, ఎముకల డాక్టరు. మిగతా ఆలోచనలన్నీ ఆ తరవాతే.

కట్టు ఎందుకు చాలదో చెబుతాను. విడిపోయిన ముక్కలను ఒట్టి కట్టుతో నిలబెట్టాలంటే మోచేతిని బాగా మడిచి ఉంచాలి. వాచిన మోచేతిని అలా మడిస్తే ముందువైపు నుంచి వెళ్ళే రక్తనాళం నొక్కుకుపోతుంది. పైగా కట్టు బిగుతు. లోపల వాపు పెరగడానికి చోటుండదు, ఒత్తిడి పెరిగి కండరాలకు నెత్తురందదు. కొన్ని గంటల్లోనే అవి చచ్చిపోవడం మొదలుపెడతాయి. ఆ తరవాత ముంజెయ్యి ఎండి, వేళ్ళు పక్షి గోళ్ళలా లోపలికి ముడుచుకుని ఉండిపోతాయి. బిగుతు కట్లవల్ల వచ్చే ఈ వైకల్యాన్ని 1881లోనే వోల్క్‌మన్ అనే జర్మన్ డాక్టరు రాసిపెట్టాడు. నూటనలభై ఏళ్ళు దాటినా అలాంటి చేతులు ఇంకా మా ముందుకొస్తూనే ఉన్నాయి. వెదురుబద్దల కట్టుతో అయిదు రోజులున్న ఒక బాబును తీసుకొచ్చారొకసారి. “రెండురోజులు గుక్కపెట్టి ఏడ్చాడండీ, తరవాత నొప్పి తగ్గిపోయింది” అన్నది వాళ్ళమ్మ, కాస్త ఊరటగానే. తగ్గింది నొప్పి కాదు, స్పర్శ. ఆ మాట ఆ తల్లికి చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది.

అందుకే తీగలు. బిడ్డకు మత్తిచ్చి, సీ-ఆర్మ్ అనే ఎక్స్‌రే యంత్రంలో చూస్తూ, చేత్తోనే ఎముకను లాగి, తిప్పి, స్థానంలోకి తెస్తాం. చాలామందికి కోత అవసరం రాదు. తరవాత రెండో మూడో సన్నని స్టీలు తీగలు చర్మంలోంచి ఎముకలోకి దించుతాం. వీటిని కేవైర్లంటారు. 1909లో వీటిని తెచ్చిన కిర్ష్‌నర్ పేరులోని మొదటి అక్షరమే ఆ ‘కే’. తీగల కొసలు వంచి చర్మం బయటే వదిలి, పైన కట్టు కడతాం. ఎముకను తీగలు పట్టుకుంటాయి కాబట్టి మోచేతిని గట్టిగా మడవనక్కర్లేదు, నెత్తురు దారికి అడ్డుండదు. వీటిని తల్లిదండ్రులు “రాడ్లు” అంటూ భయపడతారు. రాడ్లు కావు, స్వెట్టరు అల్లే సూదికన్నా సన్నం. ఎదిగే చోటునుంచి తీగ పోతే చెయ్యి పొట్టిదైపోదా అని అడుగుతారు. నున్నటి సన్నని తీగ మూడు నాలుగు వారాలుండి పోతే ఎదుగుదలకు అడ్డు రావడం చాలా అరుదు. ముక్కల మధ్య కండో, నరమో చిక్కుకుంటే మాత్రం చిన్న కోత పెట్టక తప్పదు. డాక్టరు బయటికొచ్చి “తెరవాల్సి వచ్చింది” అంటే ఏదో తప్పు జరిగిందనుకోకండి. గుడ్డిగా లాగడంకన్నా చూసి విడిపించడం మంచిది.

“వాడు ఎదిగేకొద్దీ అదే సర్దుకుంటుంది” అన్న మాట కూడా తరచూ వింటాను. మణికట్టు విరిగితే ఆ మాటలో చాలా నిజముంది. ముంజేతి ఎదుగుదలలో నాలుగింట మూడొంతులు మణికట్టు వైపే జరుగుతుంది కాబట్టి అక్కడ వంకరలు ఎదిగేకొద్దీ చాలావరకు కరిగిపోతాయి. పైచేతి ఎముక ఎదుగుదలలో మోచేతి వైపు జరిగేది అయిదో వంతే. అక్కడ పక్కకు వంగి అతికిన ఎముక అలాగే ఉండిపోతుంది, చెయ్యి చాపితే తుపాకీ మడమలా లోపలికి తిరిగి కనిపిస్తుంది. ఇప్పటికే మీ బిడ్డకు అలా అతికి ఉంటే కుమిలిపోకండి. చాలామందికి అది చూపుకే వంకర, పనికి అడ్డు కాదు. సరిచేసే ఆపరేషనూ ఉంది. తీరిగ్గా ఆలోచించుకోవచ్చు. ఇప్పుడే విరిగిన చేతికి మాత్రం ఆ తీరిక లేదు.

ఎక్స్‌రే గురించి ఒక్క మాట. చిన్నపిల్లల మోచెయ్యి చాలామటుకు మృదులాస్థి. అది ఫిల్ములో కనపడదు. ఆరు చోట్ల ఎముక చుక్కలు ఏడాది వయసు నుంచి పదకొండేళ్ళ దాకా, సుమారు రెండేళ్ళకొకటి చొప్పున, ఒక్కొక్కటే తేలతాయి. ఏది చుక్కో, ఏది విరిగిన ముక్కో తేల్చడానికి బాగున్న చేతికి కూడా ఎక్స్‌రే అడగవచ్చు. బిల్లు పెంచడానికనుకోకండి. మోచేతి బయటివైపు ముక్క విరిగితే ఫిల్ములో సన్నని పొరలా కనిపించి “చిన్న చిట్లుడే” అనిపిస్తుంది. అది రెండు మిల్లీమీటర్లు జరిగినా తీగలు వేయాల్సి రావచ్చు. వదిలేస్తే అతుక్కోకుండా ఉండిపోయి, ఏళ్ళు గడిచాక చిటికెనవేలు తిమ్మిరెక్కడం మొదలవుతుంది. కట్టు కట్టి “వారానికి మళ్ళీ ఎక్స్‌రేకి రండి” అన్నారంటే ఆ వారం పెళ్ళున్నా రండి.

రాత్రి తొమ్మిదికి వచ్చిన బిడ్డకు “పొద్దున ఆపరేషను” అని చెబితే కొందరికి గుండె గుభేలుమంటుంది. వేళ్ళు ఎర్రగా, వెచ్చగా ఉండి, నాడి అందుతూ, నరాలు పనిచేస్తూ ఉంటే తెల్లారేదాకా ఆగడం నిర్లక్ష్యం కాదు. నిద్రలేని చేతులకన్నా పూర్తి సిబ్బందితో పగలు చేసేదే మేలు. అప్పటిదాకా నొప్పికి మందు అడగండి, అది బిడ్డ హక్కు. చెయ్యి తెల్లగా పాలిపోయి చల్లబడితే మాత్రం నిమిషం ఆగకూడదు. ఆ ఊళ్ళో వీలు కాకపోతే 108లో వీలున్న చోటికి తరలించమని మీరే అడగండి. ఖర్చు భయంతో వెనక్కి తగ్గొద్దు. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ వర్తిస్తుందేమో ఆసుపత్రిలో ఆ పథకాల సహాయకులను ముందే అడగండి. తిరుపతి చుట్టుపక్కలవాళ్ళకు టీటీడీ నడిపే బర్డ్ ఎముకల ఆసుపత్రి ఉంది.

ఇక వేళ్ళు. ఎలా చూడాలో చెబుతాను, ఇది ఆటలా చెయ్యండి. గోరు మీద నొక్కి వదలండి. తెల్లబడ్డ చోటు రెండు సెకన్లలో ఎర్రబడాలి. తరవాత రాయి, కాగితం, కత్తెర ఆడించండి. పిడికిలి మూస్తే ఒక నరం, అరచెయ్యి చాపి వేళ్ళు పైకి లేపితే ఇంకో నరం, కత్తెరలా వేళ్ళు విడదీస్తే మూడోది పనిచేస్తున్నట్టు. చివరగా బొటనవేలి కొస, చూపుడువేలి కొస కలిపి సున్నా చుట్టమనండి. గుండ్రంగా రావాలి. కొసలు వంగక పిచ్చుక ముక్కులా సాగితే ఈ విరుపులో ఎక్కువగా దెబ్బతినే నరం నలిగిందన్నమాట. ఎముక తప్పిన పిల్లల్లో సుమారు పదిమందికి ఒకరికి ఇలా ఏదో ఒక నరం నలుగుతుంది. తెగడం అరుదు. ఎక్కువమందికి మూడు నుంచి ఆరు నెలల్లో అదే కోలుకుంటుంది. ఈ ఆట ఆపరేషనుకు ముందొకసారి ఆడించి, ఏం రావడం లేదో డాక్టరుకు చెప్పండి. పడ్డప్పుడే నలిగిందా, తరవాత నలిగిందా అన్నది అప్పుడే తేలుతుంది.

ఆపరేషనైన రాత్రి చేతిని దిండు మీద, వేళ్ళు పైకి ఉండేలా పెట్టి, ఇద్దరూ వంతులవారీగా మేలుకోండి. మందిస్తే బిడ్డ సర్దుకుని నిద్రపోవాలి. అలా కాకుండా గంటగంటకూ నొప్పి పెరుగుతున్నా, ఇచ్చిన మందు చాలక మళ్ళీ మళ్ళీ అడుగుతున్నా, ఎత్తుకున్నా బుజ్జగించినా ఊరుకోకపోయినా, వేలు మెల్లగా చాపితే కెవ్వుమన్నా వెంటనే నర్సమ్మను పిలవండి. కట్టును చర్మం కనపడేదాకా వదులు చెయ్యమని, డ్యూటీ డాక్టరును రమ్మని అడగండి. “పిల్లలన్నాక ఏడవరా, పొద్దున పెద్ద డాక్టరుగారొచ్చి చూస్తారు” అంటే ఊరుకోకండి. రెండోసారి అడగండి, మూడోసారీ అడగండి. గట్టిగా అడిగారని ఏ మంచి డాక్టరూ నొచ్చుకోడు. నేనైతే అలా లేపిన తల్లులకు రుణపడి ఉన్నాను.

ఇంటికొచ్చాక కట్టు తడవనివ్వకండి. దురద పెడితే చీపురుపుల్ల దూర్చకండి, లోపల చర్మం గీరుకుంటే చీము పడుతుంది. చీమంటే గుర్తొచ్చింది. పప్పు తింటే చీము పడుతుందని బిడ్డకు నెలరోజులు చారునీళ్ళతో పథ్యం పెట్టే ఇళ్ళున్నాయి. ఎముక అతకాల్సిన రోజుల్లో పప్పు, గుడ్డు, పాలు, ఆకుకూర, ఇంట్లో తినేవైతే చేప, మాంసం, అన్నీ పెట్టండి. వంకాయ కూడా పెట్టండి. తీగల దగ్గర వాసన వస్తున్నా, తడి కనిపిస్తున్నా, జ్వరం వచ్చినా చెప్పిన తేదీ కోసం ఆగకుండా తీసుకురండి. తొడగడానికి వాళ్ళ నాన్న పాత బొత్తాల చొక్కా హాయి. బాగున్న చెయ్యి తొడిగి, కట్టు చెయ్యి లోపలే ఉంచి గుండీలు పెట్టెయ్యొచ్చు.

మూడు నాలుగు వారాలకు తీగలు తీస్తాం. ఓపీలోనే, మత్తు లేకుండానే. ఒక్క క్షణం చురుక్కుమంటుంది. “ఏం నొప్పుండదు” అని అబద్ధం చెప్పి తీసుకురాకండి. “కాస్త నొప్పి, ఒకటి రెండు మూడు లెక్కపెట్టేలోగా అయిపోతుంది” అని చెబితే పిల్లలు మనల్ని నమ్ముతారు. మళ్ళీ ఎప్పుడైనా మా దగ్గరికి రావాల్సివస్తే ఆ నమ్మకమే వాళ్ళను నడిపిస్తుంది.

అప్పుడు మొదలవుతుంది మీ అసలు పరీక్ష. కట్టు తీసిన మోచెయ్యి కర్రలా ఉంటుంది, పూర్తిగా చాపలేడు, మడవలేడు. చూడగానే ఇంటిల్లిపాదికీ చేతులు ఊరుకోవు. ఒకరు నువ్వులనూనె కాచి మర్దనా చేస్తామంటారు, ఒకరు పట్టి లాగుతారు, ఇంకొకరు నీళ్ళ బకెట్టు మోయిస్తే తిన్నగా వస్తుందంటారు. దయచేసి ఇవేవీ చెయ్యకండి. లాగినకొద్దీ, పిసికినకొద్దీ చుట్టూ కండ చిరిగి, ఆ కండలోనే ఎముక పెరిగి కీలు నిజంగానే బిగుసుకుపోతుంది. ఆపరేషను చక్కగా జరిగి, మర్దనాతో చెడిన మోచేతులు చూశాను. పెద్దవాళ్ళకు ఫిజియోథెరపీ కావాలి. పిల్లల్లో ఈ విరుపుకు చాలామందికి దాని అవసరమే ఉండదు. వాళ్ళ ఆటే వాళ్ళ వైద్యం. చెంబుతో నీళ్ళు పోసుకోనివ్వండి, చపాతీ పిండి ముద్ద చేతికివ్వండి, తల దువ్వుకోనివ్వండి. రోజూ పొద్దున్నే “ఏదీ, చెయ్యి చాపు” అని నిలబెట్టి చూడకండి, ఆ చెయ్యి వాడికి బెదురైపోతుంది. చాలావరకు రెండు మూడు నెలల్లో తిరిగొస్తుంది, ఆ చివరి కొంచెం రావడానికి ఏడాది పట్టినా పట్టవచ్చు. చెట్లెక్కడం, సైకిలు తొక్కడం మాత్రం డాక్టరు సరేననేదాకా వాయిదా వెయ్యండి.

ఏడాది గడిచాక ఒకసారి చూపించమని నేనడుగుతాను. సంక్రాంతికి మేడమీంచి గాలిపటం ఎగరేస్తూ పడి, రెండు తీగలతో ఇంటికెళ్ళిన ఒక బాబు మళ్ళీ సంక్రాంతి వెళ్ళాక వచ్చాడు. రెండు చేతులూ ముందుకు చాపి నిలబడమన్నాను. వాళ్ళమ్మ ఊపిరి బిగబట్టి మోచేతుల వంకే చూస్తోంది. “విరిగింది ఏ చెయ్యిరా?” అనడిగాను. వాడు వెంటనే చెప్పలేకపోయాడు. చేతులు తిప్పి తిప్పి చూసుకుని, తీగలు దిగిన చోట మిగిలిన రెండు చిన్న చుక్కలు వెతికి పట్టుకుని, “ఇదీ” అని ఎడమ చెయ్యి చూపించాడు.